నడుస్తున్న ప్రోగ్రాంలో విలువ రకాన్ని ఎలా తేల్చాలి? టిక్కు గుర్తులు కిలోలుగా కూడబడ్డాయి

ప్రశ్న — కాటాచీటీ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మేము ముగ్గురం కలిసి నడుపుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ గదిలో నేను పని చేస్తున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, ఐసు వేసి పైఊళ్లకు పంపే ఒక వ్యాపారి కోసం, కాటా దగ్గర నమోదైన తూకాలను కూడి సాయంత్రానికి మొత్తం చూపించే ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాశాను. తెల్లవారుజామున మరపడవలు ఒడ్డుకు చేరగానే గుమాస్తా తన ఫోనులోనే షీటు తెరిచి పడవ నంబరు, చేప పేరు, తూకం నింపుతాడు. తూకం ఎప్పుడూ పూర్తి కిలోల్లోనే ఉంటుంది. సాయంత్రం ఆ షీటును ఎక్సెల్ ఫైలుగా దించుకుని ఓపెన్‌పైఎక్సెల్ అనే పైథాన్ లైబ్రరీతో చదవడం, తూకం గడిలో అంకె ఉంటే కూడటం, లేకుంటే వదిలేయడం, ఇంతే ఆ ప్రోగ్రాం పని.

గడిలో ఉన్నది అంకేనా అని తేల్చడానికి నేను ఐజ్‌ఇన్‌స్టాన్స్ అనే పరీక్ష వాడి, విలువ ఇంట్ (పూర్ణసంఖ్య) గానీ ఫ్లోట్ (దశాంశ సంఖ్య) గానీ అయితే కూడమని రాశాను. చాలా రోజులు బాగానే నడిచింది. ఒకనాడు వ్యాపారి ఫోను చేసి, చీటీలు చేత్తో కూడితే 1,846 కిలోలు వస్తున్నాయనీ, మా రిపోర్టు 1,853 చూపిస్తోందనీ అన్నారు. ఏడు కిలోల తేడా ఎక్కడిదో నాకు సాయంత్రమంతా అంతుపట్టలేదు. చివరికి షీటును వరుస వరుసగా చూస్తే తెలిసిందేమిటంటే, సరుకు దిగి ఇంకా కాటాకు ఎక్కని పడవలకు గుమాస్తా తూకం గడిలోనే ఒక టిక్కు పెట్టె పెట్టి గుర్తు వేసుకుంటున్నాడు. అటువంటివి ఆ రోజు సరిగ్గా ఏడు ఉన్నాయి. పైథాన్ ఒక్కొక్క టిక్కును ఒక్కొక్క కిలోగా కూడింది.

టిక్కు పెట్టెలు తీసేసి, వాటి బదులు ‘కాలేదు’ అని రాయమని గుమాస్తాకు చెప్పాను. ఎందుకైనా మంచిదని ఐజ్‌ఇన్‌స్టాన్స్ కూడా తీసేసి, విలువ టైప్ సూటిగా ఇంట్ లేదా ఫ్లోట్ అయితేనే కూడమని మార్చాను. కొన్నాళ్లకు మా సహచరుడు ఫైలు చదివే భాగాన్ని పాండాస్ అనే పట్టికల లైబ్రరీలోకి మార్చాడు. అప్పటి నుంచి ఒక విచిత్రం మొదలైంది. షీటులో ఒకటి రెండు చోట్ల ‘కాలేదు’ అని ఉన్న రోజున మొత్తం సరిగ్గా వస్తోంది. అన్ని గడుల్లోనూ చక్కగా అంకెలే ఉన్న రోజున మొత్తం సున్నా వస్తోంది! చెత్త ఉన్న రోజున పని చేసి, శుభ్రంగా ఉన్న రోజున చతికిలబడే ప్రోగ్రాంను నేను ఇంతవరకు చూడలేదు. విలువలను తెర మీద అచ్చు వేసి చూస్తే రెండు రోజులూ మామూలు అంకెల్లాగే కనిపిస్తున్నాయి.

నా సందేహం ఈ ఒక్క తప్పును సరిచేసుకోవడం గురించి మాత్రమే కాదు. ప్రోగ్రాం నడుస్తుండగా ఒక విలువ ఏ రకానికి చెందినదో భాషకు అసలు ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్నను అడగడానికి ఇన్ని పద్ధతులు ఎందుకు ఉన్నాయి, వాటిలో దేనిని నమ్మాలి? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు — పుట్టలోపాము (గాజువాక)

కాటాచీటీ గారికి, మీరు రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్న అనుకుని అడిగారు, అందుకే రెండుసార్లూ దెబ్బ తిన్నారు. టైప్ అనేది మనిషిని ‘నీ పేరేమిటి’ అని అడగడం వంటిది. ఐజ్‌ఇన్‌స్టాన్స్ ‘మీరు ఫలానా ఇంటివారేనా’ అని అడగడం వంటిది. పైథాన్‌లో బూల్ అనే రకం (ట్రూ, ఫాల్స్ అనే రెండే విలువలున్నది) ఇంట్‌కు పుట్టిన బిడ్డ. మీ టిక్కు ప్రోగ్రాంలోకి వచ్చేది ట్రూగానే. కాబట్టి ట్రూ అనే విలువను పేరడిగితే బూల్ అంటుంది, ఇంటిపేరడిగితే ఇంట్ అంటుంది. రెండూ నిజాలే. ట్రూకు ట్రూ కూడితే 2 వస్తుంది. మీ ఏడు టిక్కులు ఏడు కిలోలైంది ఆ లెక్కనే.

ఇది పొరపాటున జరిగినది కాదు. పైథాన్‌లో మొదట బూల్ అనే రకమే లేదు. అవును, కాదు అనడానికి జనం 1, 0 వాడుకునేవారు. 2002లో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ 285వ పెప్‌లో (పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రం) ఈ రకాన్ని ప్రతిపాదించారు, 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో అది పూర్తిగా చేరింది. అప్పటికే 1, 0లతో రాసిన ప్రోగ్రాంలు విరిగిపోకూడదని దానిని ఇంట్‌కు వారసుడిగా చేశారు. పాత ఇంటికి కొత్త గది వేస్తూ గోడ పగలగొట్టకుండా తలుపు మాత్రం పెట్టినట్టు. ఆ తలుపులోంచే మీ టిక్కులు లోపలికి వచ్చాయి.

భాషకు రకం ఎలా తెలుస్తుందన్న సందేహానికి సమాధానం చాలా సాదాసీదాగా ఉంటుంది: విలువే దానిని తన వెంట మోసుకుని తిరుగుతుంది. మామూలు 64 బిట్ల సీపైథాన్‌లో (మనం దించుకుని వాడే పైథాన్ ఇదే) ప్రతి వస్తువుకూ ముందు భాగంలో 16 బైట్ల తలకట్టు ఉంటుంది. అందులో మొదటి 8 బైట్లు ఆ వస్తువును ఎంతమంది వాడుకుంటున్నారనే లెక్కకూ, తర్వాతి 8 బైట్లు అది ఏ రకానికి చెందినదో చూపించే చిరునామాకూ పోతాయి. టైప్ అని అడిగినప్పుడు పైథాన్ ఊహించేదీ వెతికేదీ ఏమీ లేదు. ఆ చిరునామాను చదివి చెబుతుంది. 1 అనే చిన్న అంకె ఎంత చోటు తీసుకుంటోందో సిస్ మాడ్యూల్‌లోని గెట్‌సైజ్‌ఆఫ్‌తో చూడండి, 28 అని వస్తుంది. నాలుగు బైట్ల అంకెకు ఇరవై నాలుగు బైట్ల మూట! ఐసు పెట్టె చేప కన్నా బరువుగా ఉండటం హార్బర్‌లో మీకు కొత్త కాదనుకుంటాను.

ఇక మీ రెండో చిక్కు. ఆ మూట బరువు భరించలేకే, పాండాస్ ఆధారపడే నంపై అనే అంకెల లైబ్రరీ వేరే దారి పట్టింది. ఒక నిలువు వరుసలో ఉన్నవన్నీ పూర్ణసంఖ్యలే అయితే పాండాస్ వాటిని మూటలు విప్పి, ఒక్కొక్కటి 8 బైట్ల చొప్పున వరుసగా పేర్చి, మొత్తం వరుసకు ఇంట్64 అని ఒకే ఒక్క చీటీ అంటిస్తుంది. మీ సహచరుడు బహుశా వరుస నంబరు చెప్పి ఒక్కొక్క గడినీ తీస్తున్నారు. అలా తీసినప్పుడు చేతికి వచ్చేది నంపై వారి ఇంట్64, పైథాన్ వారి ఇంట్ కాదు. వరుసలో ఒక్కచోట ‘కాలేదు’ అనే మాట ఉన్నా అలా పేర్చడం కుదరదు కనుక పాండాస్ ఆ వరుసను ‘ఆబ్జెక్ట్’ అని వదిలేస్తుంది, అందులోని అంకెలు మామూలు పైథాన్ ఇంట్‌లుగానే మిగులుతాయి. చెత్త రోజున మొత్తం సరిపోయి శుభ్రమైన రోజున సున్నా రావడానికి కారణం ఇదే. ప్రింట్‌తో అచ్చు వేస్తే రెండూ 45 అనే కనిపిస్తాయి. విలువతో పాటు దాని టైప్ పేరును కూడా అచ్చు వేసి ఉంటే అక్కడికక్కడే బయటపడేది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నంపై ఇంట్64కు పైథాన్ ఇంట్‌తో చుట్టరికం లేదు, కానీ నంపై ఫ్లోట్64 మాత్రం పైథాన్ ఫ్లోట్‌కు వారసుడే. అంటే మీరు పాత ఐజ్‌ఇన్‌స్టాన్స్‌నే ఉంచి ఉంటే, పూర్ణసంఖ్యల రోజున సున్నా వచ్చేది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వరుస మొత్తం ఫ్లోట్64గా మారుతుంది కనుక ఆ రోజున అంకెలన్నీ పరీక్షలో నెగ్గేవి. పైగా ఆ ఖాళీ గడి నాన్ అనే విలువగా లోపలికి వస్తుంది. నాన్ అంటే ‘అంకె కానిది’ అని అర్థమే గానీ దాని రకం ఫ్లోటే, ఒక్కటి కూడికలో పడితే చాలు, మొత్తాన్ని నాన్ చేసి పెడుతుంది.

మీ అవసరానికి నేనైతే ఇలా రాస్తాను. ముందుగా విలువ బూల్ అయితే తిప్పి పంపేస్తాను. తర్వాత నంబర్స్ మాడ్యూల్‌లోని రియల్‌తో (వాస్తవ సంఖ్యల రకాలన్నిటికీ ఉమ్మడి ఇంటిపేరు) ఐజ్‌ఇన్‌స్టాన్స్ అడుగుతాను; నంపై తన అంకెల రకాలను ఆ జాబితాలో నమోదు చేయించుకుంది కాబట్టి ఇంట్64 కూడా అందులో నెగ్గుతుంది. చివరగా మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌ఫైనైట్‌తో నాన్‌ను ఆపుతాను. ఈ వరుస మార్చకండి, బూల్ కూడా రియల్‌లో నెగ్గుతుంది కనుక దానిని మొదటే ఆపాలి. రేపు మీరు డబ్బు లెక్కలకు డెసిమల్ అనే రకం వాడితే అది రియల్‌లో నెగ్గదని కూడా గుర్తుంచుకోండి.

జవాబు — రుషికొండవెబ్

పైథాన్ సంగతి పుట్టలోపాము గారు చెప్పేశారు. నేను రోజంతా జావాస్క్రిప్ట్‌లో ఉంటాను కనుక మా ఇంటి గోడు కూడా వినిపిస్తాను, ఎందుకంటే రకం అడిగితే భాషే అబద్ధం చెప్పే సందర్భం మా దగ్గర ఉంది. మా దగ్గర రకం అడిగేది టైప్‌ఆఫ్, ‘ఏమీ లేదు’ అనడానికి వాడే విలువ నల్. టైప్‌ఆఫ్ నల్ అని అడిగితే ‘ఆబ్జెక్ట్’ అని జవాబు వస్తుంది. నల్ ఆబ్జెక్ట్ కాదు.

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో పది రోజుల్లో ఈ భాష తొలి రూపాన్ని తయారు చేసినప్పుడు, ప్రతి విలువలోనూ చివరి కొన్ని బిట్లను రకం గుర్తుగా కేటాయించారు. ఆబ్జెక్ట్‌కు గుర్తు సున్నాలు. నల్‌ను ఏ చిరునామా లేని చిరునామాగా, అంటే మొత్తం సున్నాలుగా దాచారు. టైప్‌ఆఫ్ వచ్చి గుర్తు చూసింది, సున్నాలు కనిపించాయి, ఆబ్జెక్ట్ అనేసింది. తర్వాత దీనిని సరిదిద్దాలని ప్రతిపాదన వచ్చినా, అప్పటికే ఆ తప్పు మీద ఆధారపడి నడుస్తున్న వెబ్‌సైట్లు చెడిపోతాయని వదిలేశారు. పాత ప్రోగ్రాం విరగకూడదన్న ఒకే ఒక్క కారణం, అక్కడ మీ బూల్‌ను ఇంట్ బిడ్డను చేసింది, ఇక్కడ మా నల్‌ను ఆబ్జెక్ట్‌గా మిగిల్చింది.

అర్రేను (విలువల వరుసను) అడిగినా టైప్‌ఆఫ్ ఆబ్జెక్ట్ అనే అంటుంది. ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అర్రే అని అడిగితే సరిపోతుంది కదా అనుకోవచ్చు, కానీ పేజీలో ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇమిడ్చిన మరో పేజీ) ఉంటే ఆ ఐఫ్రేమ్‌కు సొంతంగా మరో అర్రే ఉంటుంది. అక్కడ పుట్టిన అర్రేను ఇక్కడి అర్రే తన బిడ్డగా ఒప్పుకోదు. ఈ గొడవకు విరుగుడుగా 2009లో ఈ భాష ప్రమాణం ఐదో ఎడిషన్‌లో అర్రే.ఈజ్‌అర్రే వచ్చింది. ఒక చిన్న వినోదం కూడా చెబుతాను: బ్రౌజర్‌లో డాక్యుమెంట్.ఆల్ అనేది కళ్ల ముందు ఉన్న వస్తువు, అయినా టైప్‌ఆఫ్ దానిని ‘అన్‌డిఫైన్డ్’ అంటుంది. అది కూడా పాత పేజీల కోసమే.

ఒక్క విషయంలో మాత్రం పుట్టలోపాము గారి జవాబుకు నేను ఒక మాట చేరుస్తాను. రకం సరిగ్గా తేలినంత మాత్రాన విలువ సరైనదని కాదు. మన ఊరి ఎస్‌టీడీ కోడ్ 0891. ఒక దుకాణం ల్యాండ్‌లైన్ నంబర్లను నేను షీటులో ఎక్కించినప్పుడు, కోడ్ గడిని షీటు అంకెగా భావించి ముందున్న సున్నాను తినేసి 891 చేసింది. నా ప్రోగ్రాం దానిని నంబర్ అంది, నంబరే. నంబర్.ఈజ్‌ఇంటీజర్ అడిగినా నెగ్గింది. ఒక్క పరీక్ష కూడా తప్పు చెప్పలేదు, కానీ ఫోను మాత్రం కలవలేదు. ఫోను నంబరు అనేది అంకెలతో రాసిన మాట. దానిని ఎవరూ కూడరు, తీసివేయరు. అలాంటి దానిని మొదటి నుంచీ స్ట్రింగ్‌గా ఉంచాలని అప్పుడు తెలిసింది.

జవాబు — పాతకాపు (ఎం.వి.పి. కాలనీ)

నేను చాలా ఏళ్లు సి, సి++ రాసి, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని. పై ఇద్దరూ చెప్పినది చదివాక, ఇదే ప్రశ్నను సి భాషలో అడిగితే ఏమవుతుందో కూడా చెప్పడం అవసరమనిపించింది. రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు, రకం అనేది ప్రకృతి సిద్ధంగా ఉండేది కాదు, ఎవరో ఒకరు చోటు ఖర్చు పెట్టి రాసి ఉంచితేనే ఉంటుంది. ఈ సంగతి సిలో తప్ప మరెక్కడా అంత స్పష్టంగా కనబడదు.

ఒక ప్రయోగం చేయండి. సిలో ఒక ఫ్లోట్ వేరియబుల్‌లో 42.0 పెట్టండి. దాని నాలుగు బైట్లను యథాతథంగా ఒక ఇంట్‌లోకి మెమ్‌కాపీతో దించి అచ్చు వేయండి. 1,10,99,17,696 అని వస్తుంది. నలభై రెండు కిలోల చేప నూట పది కోట్ల పైచిలుకైంది! బైట్లలో ఒక్క బిట్ కూడా మారలేదు. ఆ నాలుగు బైట్లలో ‘నేను ఫ్లోట్‌ను’ అని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. రకం కంపైలర్ (మనం రాసినదాన్ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) తలలో మాత్రమే ఉండేది; కంపైల్ అయిపోయాక ఆ తల పక్కకు తప్పుకుంది. సిలో ఎవరైనా రకం తెలుసుకోవాలంటే యూనియన్ (ఒకే చోటును వేర్వేరు రకాలకు వాడుకునే పెట్టె) పక్కన ఒక ఈనమ్ (పేర్లు పెట్టిన గుర్తు) పెట్టి, ఇందులో ఇప్పుడు ఫలానాది ఉంది అని తామే రాసుకోవాలి. రాయడం మరిచిపోతే అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. నిజానికి పైథాన్ తలకట్టు కూడా ఇదే పని, సీపైథాన్ సిలో రాసినదే కదా. మన బదులు వారు మరిచిపోకుండా రాస్తున్నారు, అంతే తేడా.

సి++లో రకం అడగడానికి టైప్‌ఐడీ, డైనమిక్‌కాస్ట్ ఉన్నాయి, కానీ డైనమిక్‌కాస్ట్‌తో పై క్లాసు నుంచి దాని వారసుడైన క్లాసుకు దిగాలంటే ఆ పై క్లాసులో కనీసం ఒక్క వర్చువల్ ఫంక్షన్ (వారసులు మార్చి రాసుకోగల ఫంక్షన్) ఉండాలి. అప్పుడే వస్తువులో వర్చువల్ పట్టికకు దారి ఉంటుంది, రకం సమాచారం ఆ పట్టికను ఆనుకునే ఉంటుంది. వర్చువల్ లేని సాదా స్ట్రక్ట్‌కు ఆ దారే లేదు, ఎందుకంటే ‘వాడని దానికి వెల కట్టకు’ అన్నది ఆ భాష పట్టుదల.

జావా విషయంలో నా విద్యార్థులు పదే పదే తడబడే చోటు ఒకటుంది. 2004లో వచ్చిన ఐదో వెర్షన్‌లో జెనరిక్స్ (లిస్టులో ఏ రకం ఉండాలో ముందే చెప్పే సౌకర్యం) చేర్చినప్పుడు, పాత బైట్‌కోడ్‌తో పొత్తు కుదరడం కోసం, కంపైల్ అయ్యాక వస్తువులోంచి ఆ సమాచారాన్ని చెరిపేశారు. స్ట్రింగ్‌ల లిస్టునూ ఇంటీజర్ల లిస్టునూ గెట్‌క్లాస్ అడిగితే రెండూ ఒకే క్లాసు పేరు చెబుతాయి. పెట్టె మీద ‘లిస్టు’ అని ఉంటుంది, లోపల వంజరమో చందువో మూత తీసి చూస్తే గాని తెలియదు. అదే జావాలో అర్రే మాత్రం తనలో ఏ రకం ఉండాలో గుర్తు పెట్టుకుంటుంది. తప్పు రకం పెట్టబోతే రన్‌టైమ్‌లోనే అర్రేస్టోర్ ఎక్సెప్షన్ విసురుతుంది. సి షార్ప్ 2005లో జెనరిక్స్ తెచ్చుకున్నప్పుడు ఆ సమాచారాన్ని చెరపకుండా ఉంచుకుంది. గో భాషలో ఇంటర్‌ఫేస్ విలువ (వేర్వేరు రకాలను పట్టుకోగలది) మెమరీలో రెండు పదాలు: ఒకటి రకానికి, ఒకటి విలువకు. రకం ఉండి విలువ నిల్ (ఏమీ లేదు) అయితే ఆ ఇంటర్‌ఫేస్ మాత్రం నిల్ కాదు, దాని మీద కాలు జారని గో ప్రోగ్రామర్‌ను నేను చూడలేదు.

ఇంతా చెప్పాక, కాటాచీటీ గారికి నా అభిప్రాయం పుట్టలోపాము గారికి కాస్త భిన్నంగా ఉంటుంది. ఆయన చెప్పిన మూడు మెట్ల పరీక్ష సరైనదే, కానీ దానిని కూడిక చేసే చోట రాస్తే, రేపు సగటు తీసే చోటా, ఎల్లుండి బిల్లు వేసే చోటా మళ్లీ రాయవలసి వస్తుంది. ఏదో ఒక చోట బూల్ మెట్టు మరిచిపోతారు. కాటా దగ్గర ఒకసారి తూచాక లారీ ఎక్కించేటప్పుడు మళ్లీ తూచరు కదా! ఫైలు చదివిన వెంటనే, ఆ గుమ్మం దగ్గరే ఒక ఫంక్షన్ పెట్టి, గడిలోని ప్రతి విలువనూ మీ సొంత తూకం క్లాసుగా మార్చండి, మారనిదానిని వరుస నంబరుతో సహా పక్కన రాయండి. గుమ్మం లోపల ఇక ఎవరూ ఎవరి రకమూ అడగనక్కరలేదు. మీ మొదటి ప్రోగ్రాం చేసిన అసలు తప్పు రకాన్ని పొరబడటం కాదని నా ఉద్దేశం. అంకె కాకపోతే ‘వదిలేయడం’, అదీ తప్పు. వదిలేసినవి ఎన్నో ఆ రిపోర్టులో ఒక్క వరుస రాసి ఉంటే, మొత్తం సున్నా వచ్చిన తొలి సాయంత్రమే పట్టుబడేది.

జవాబు — పుట్టలోపాము (గాజువాక)

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. పరీక్ష ఏమిటో చెప్పాను గాని దానిని ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. అయితే గుమ్మం దగ్గరైనా ఆ మూడు మెట్లూ కావాలి; ఇంట్ అనే ఫంక్షన్‌కు ట్రూ ఇస్తే అది మారుమాట లేకుండా 1 చేసి ఇస్తుంది కనుక, ‘మార్చి చూద్దాం, మారకపోతే తప్పు’ అనే పద్ధతి ఒక్కటే టిక్కులను ఆపలేదు.

జవాబు — పట్టికలవాడు (మధురవాడ)

ఒక్క చిన్న హెచ్చరిక. చదివిన వెంటనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పడేసి, తర్వాత తీరిగ్గా పరీక్షిద్దామని మాత్రం అనుకోవద్దు. ఎస్‌క్యూలైట్‌కు బూల్ రకమే లేదు. పైథాన్ నుంచి ట్రూ పంపితే 1గా దాచుకుంటుంది. తిరిగి తీసినప్పుడు అది ఒకప్పుడు టిక్కు అని ఏ టైప్ పరీక్షా చెప్పలేదు. గుర్తు దారిలోనే చెరిగిపోయింది.

ఇంకొకటి, ఎస్‌క్యూలైట్‌లో రకం నిలువు వరుసకు కాక విలువకు ఉంటుంది. ఇంటీజర్ అని ప్రకటించిన వరుసలో ‘కాలేదు’ అని పెట్టినా మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. టైప్‌ఆఫ్ అనే ఫంక్షన్‌తో అడిగితే ఆ ఒక్క గడికి ‘టెక్స్ట్’ అని చెబుతుంది. మీ పాత పట్టికలో ఎక్కడెక్కడ మాటలు దూరాయో ఆ ఫంక్షన్‌తో ఒక్క క్వెరీలో తేలిపోతుంది. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ అని పట్టికను సృష్టిస్తే ఇలాంటివి రానివ్వదు. రుషికొండవెబ్ గారి 0891ను స్ట్రింగ్‌గా పంపినా సరే, వరుస ఇంటీజర్ అయితే ఎస్‌క్యూలైట్ తానే 891గా మార్చి దాచుకుంటుంది. కనుక ఆ వరుసను టెక్స్ట్ అనే ప్రకటించాలి.

కాటాచీటీ (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని మొత్తం మార్చాను. ఫైలు చదివిన వెంటనే ప్రతి గడీ ఒకే ఫంక్షన్ గుండా వెళుతుంది. అందులో వరుసగా బూల్ తిరస్కరణ, తర్వాత నంబర్స్‌లోని రియల్, తర్వాత ఈజ్‌ఫైనైట్, ఆ పైన సున్నా కన్నా ఎక్కువేనా అన్న పరీక్ష ఉన్నాయి. తిరస్కరించిన ప్రతి గడికీ వరుస నంబరు, విలువ, దాని టైప్ పేరు ఒక పక్క షీటులో రాస్తోంది. ఎస్‌క్యూలైట్ సంగతి మంచి సమయానికి చెప్పారు, నేను సరిగ్గా ఆ పనే చేయబోతున్నాను.

సరిచూసుకోవడానికి పాత ఫైళ్లన్నింటినీ కొత్త ప్రోగ్రాం గుండా మళ్లీ పంపాను. టిక్కులు పడినది ఆ ఒక్క రోజే కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధపు 61 రోజుల్లో మరపడవలు కడలిలోకి వెళ్లవు కనుక షీటు ఖాళీగానే ఉంది. ఆ ముందు నెలల్లో మాత్రం రోజుకు ఒకటో రెండో టిక్కులు ఉన్నాయి. ఒకటి రెండు కిలోల తేడాను కాటా తేడా అనుకుని ఎవరూ పట్టించుకోలేదన్నమాట. ఏడు వచ్చిన రోజున గాని ఫోను రాలేదు.

పక్క షీటులో ఇంకో వింత దొరికింది. ఒక గడిలో అంకె చూడటానికి 38 అనే ఉంది, టైప్ మాత్రం ఎస్‌టీఆర్ (స్ట్రింగ్, అంటే మాట) అని వచ్చింది. దగ్గరగా చూస్తే అది తెలుగు అంకెల్లో రాసిన ౩౮. గుమాస్తాను అడిగితే, ఆ రోజు ఫోను కీబోర్డు తెలుగులో ఉండిపోయిందన్నాడు. షీటు దానిని మాటగా దాచుకుంది, నా పాత ప్రోగ్రాం చప్పుడు చేయకుండా వదిలేసింది. తీరా పైథాన్‌లో ఆ ౩౮ను ఇంట్ ఫంక్షన్‌కు ఇచ్చి చూస్తే ఏ తగాదా లేకుండా 38 అని మార్చి ఇచ్చింది! యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైనవి ఏ లిపివైనా అది చదువుతుందట. స్ట్రింగ్‌గా వచ్చినవాటిలో అలా మారగలిగినవాటిని కూడా లోపలికి రానివ్వాలా, లేక పక్క షీటులోనే ఉంచి గుమాస్తాను అడగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

పాతకాపు (ఎం.వి.పి. కాలనీ)

పక్క షీటులోనే ఉంచండి. ఈరోజు ౩౮ వచ్చింది, రేపు ‘38 పైన’ అని వస్తుంది. ఆ ఒక్కటీ గుమాస్తాకు ఫోను చేసి అడిగితే పోయేది రెండు నిమిషాలు.